మరిగే నీళ్ళలో మూడు నిమిషాలు

పోయిన వారం ఫ్రావ్ ఊబెన్‌ని, అంటే ఊబెన్ గారిని, ఎమ్డెన్ ఊళ్ళో, కాలువ పక్కగా వెళ్ళే బస్సులో కూర్చోబెట్టి వదిలేశాం. అరవై మూడేళ్ళ మనిషి. చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. భర్త పోయి రెండేళ్ళు. ఒళ్ళో అత్తగారి నాటి ఎనామిల్ గిన్నె, దాని మీద గళ్ళ తువ్వాలు. గిన్నెలో ఏముందో ఆవిడకి తెలుసు, మనకి తెలుసు. బస్సు డ్రైవరుకి తెలియదు. పాపం, సూపు ఒలికిపోతుందేమోనని ఆయన మలుపులన్నీ నెమ్మదిగా తిప్పాడు. లోకంలో ఇలాంటి దయలు అడక్కుండానే దొరుకుతుంటాయి. అందుకున్నవాళ్ళే ఒక్కోసారి గమనించరు.

ఆవిడ వెళ్తున్న కొట్టు పేరు 'మెల్లగా'. ఒకప్పుడు ఊలు దారాలూ గుండీలూ అమ్మిన చోటు. పంతొమ్మిదేళ్ళుగా హిల్కా, థేడా అనే ఇద్దరు స్నేహితురాళ్ళు అక్కడ వేరే సరుకు అమ్ముతున్నారు. ఆడవాళ్ళు తమ ఏకాంతంలో, తమ సుఖం కోసం వాడుకునే సాధనాలు. హిల్కా పూర్వం ప్రసూతి వార్డులో నర్సు. వచ్చినవాళ్ళతో మాట్లాడే పని ఆవిడది. సరుకు తెప్పించడం, సర్దడం థేడా పని. నాలుగు వారాల కిందట ఫ్రావ్ ఊబెన్ ఆ కొట్టు ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిచి, నాలుగోసారి లోపలికొచ్చి "గుండీలు ఉన్నాయా?" అని అడగడం, హిల్కా నవ్వకుండా "గుండీలు లేవు, టీ ఉంది, కూర్చోండి" అనడం మొదటినుంచీ చదువుతున్నవారికి గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు బస్సు ఆగింది. మధ్యాహ్నం రెండు దాటింది. సముద్రం మీంచి వచ్చే గాలి వానని అడ్డంగా కొడుతోంది.

తలుపు గంట మోగేసరికి హిల్కా బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాస్తోంది. అమ్మిన ప్రతి పొట్లంలోనూ ఒక అరకాగితం చీటీ పెట్టడం ఆ కొట్టు ఆచారం. అచ్చు వేయించుకోవచ్చు కదా అని ఎందరో అన్నారు. హిల్కా ఒప్పుకోలేదు. "కొత్తగా కొన్న మనిషికి ఇంటికెళ్ళాక భయం వేస్తుంది. అప్పుడు అచ్చు కాగితం కన్నా ఒక మనిషి చేతిరాత ధైర్యం" అనేది. చీటీ చివరి వాక్యం మాత్రం పంతొమ్మిదేళ్ళలో మారలేదు. 'సందేహముంటే మూడు నిమిషాలు మరిగించి చూడండి. నిజమైన సిలికాన్ మరిగే నీళ్ళకి భయపడదు.' కింద సంతకం: హిల్కా.

"మొయిన్" అంది ఫ్రావ్ ఊబెన్. ఆ తీరప్రాంతంలో పొద్దున్నకీ సాయంత్రానికీ ఒకటే పలకరింపు.

"మొయిన్. రండి, తడిసిపోయారు."

"నేను కూర్చోను. క్షమాపణ చెప్పుకుని వెళ్ళిపోతాను." గిన్నె బల్ల మీద పెట్టింది. తువ్వాలు తియ్యలేదు. "మీరిచ్చినది పాడుచేశాను."

"పాడుచేశారా?"

"మీరు రాసినట్టే చేశాను ఫ్రావ్ హిల్కా. మొదటిసారి వాడేముందు కడగమన్నారు, వాసన లేని సబ్బుతో కడిగాను. మరిగించమన్నారు, మరిగించాను. మూడు నిమిషాలే. మా ఇంట్లో టీకి పెట్టుకునే ఇసుక గడియారం ఉంది, దాంతో లెక్క చూశాను. కానీ అది మా అత్తగారిది, పాతది. ఇసుక చెమ్మగిల్లి నెమ్మదిగా పడుతోందేమో. నాలుగు నిమిషాలైపోయిందేమో." కోటు జేబులోంచి చిన్న ఇసుక గడియారం తీసి గిన్నె పక్కన పెట్టింది. "తెచ్చాను. మీ గోడ గడియారంతో సరిచూడండి. తప్పు దానిదో నాదో తేలిపోతుంది."

హిల్కాకి నవ్వొచ్చింది. ఎంత మర్యాదస్తురాలు! తన గడియారం మీద తనే ఫిర్యాదు తెచ్చింది. నవ్వుతూనే తువ్వాలు తీసింది.

నవ్వు ఆగిపోయింది.

నీలం రంగు ముద్ద ఒకటి గిన్నె అడుగుకి అంటుకుపోయి ఉంది. పైన చల్లారిన నీళ్ళమీద నూనె తెట్టు. వేలితో తాకితే ముద్ద జిగురుగా సాగింది. హిల్కా అలవాటు కొద్దీ వంగి వాసన చూసింది. ఏమీ తెలియలేదు. రెండేళ్ళ కిందట వచ్చిన విషజ్వరం ఆమెకి ప్రాణం మిగిల్చి వాసన పట్టుకెళ్ళింది. అప్పటినుంచీ ఆమెకి రొట్టెకీ గోడకీ తేడా లేదు.

"మరిగేటప్పుడు ఏ వాసన వచ్చింది?"

"స్నానాలగదికి కొత్త ప్లాస్టిక్ తెర కొంటామే, విప్పగానే వస్తుంది చూడండి, అలా. కిటికీలు తెరిచిపెట్టాను. పక్కింటావిడ ఏం మాడింది అని కూడా అడిగింది. బీట్‌రూట్ అని చెప్పాను. దేవుడు క్షమించాలి."

"కొన్న రోజున వాసన చూశారా? చీటీలో రాశాను."

"చూశాను. లావెండర్ వాసన. మంచి వాసనే."

హిల్కా చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

లావెండర్. రెండేళ్ళ కిందట, తను జ్వరం నుంచి లేచిన వసంతంలో, థేడా ఎండు లావెండర్ పూలు చిన్న చిన్న సంచుల్లో కుట్టి కొట్టులో సొరుగులన్నిట్లోనూ పెట్టింది. "నీకు తెలియదులే, కానీ ఎంత బాగుందో! వచ్చినవాళ్ళకి మనసు తేలికపడుతుంది" అంది. ఆ కుట్టుపని చూసి హిల్కాకి కళ్ళు చెమర్చాయి. తనకి అందని సువాసనని తన కొట్టులో నింపుతున్న మనిషి! అంతకు మించిన స్నేహం ఉంటుందా అనుకుంది. ఆ రోజుల్లోనే థేడా మరో మాట కూడా అంది. "నువ్వు దిగులు పడకు. ఇకనుంచి నీ ముక్కు నేనే. కొత్త సరుకు వస్తే వాసన నేను చూస్తాను. తేడా ఉంటే గుమ్మం దాటనివ్వను."

హిల్కా లేచి సొరుగు లాగింది. అదే నీలం, అదే అచ్చు, అదే పెట్టె. పెట్టె మీద 'సిలికాన్' అని ఉంది. ఒకటి తీసి వెనకగదిలోకి నడిచింది.

"లోపలికి రండి ఫ్రావ్ ఊబెన్. మీ గడియారం, గిన్నె కూడా పట్టుకురండి."

గ్యాసు పొయ్యి మీద నీళ్ళు మరిగాయి. హిల్కా వస్తువుని చెంచాతో మెల్లగా దించింది. ఫ్రావ్ ఊబెన్ ఇసుక గడియారం తిప్పింది. ఇద్దరూ గోడ గడియారాన్నీ దీన్నీ మార్చి మార్చి చూశారు. ఇద్దరు పెద్దమనుషులు ఒక గిన్నె మీద వంగి అంత నిష్ఠగా నిలబడటం ఎవరైనా చూస్తే గుడ్లు ఉడుకుతున్నాయి అనుకునేవారు.

"నిజమైనదైతే ఏమవుతుంది?" అడిగింది ఫ్రావ్ ఊబెన్.

"ఏమీ కాదు. అదే దాని గొప్ప. నీళ్ళు మరుగుతాయి, అది అలాగే ఉంటుంది. తీసి, గుడ్డ మీద ఆరబెట్టి, విడిగా నూలు సంచిలో పెట్టుకోవడమే. మోటారు ఉన్నదైతే మరిగించకూడదు, గోరువెచ్చని నీళ్ళతో తుడవాలి. మీ ఇంటి గోడలు పల్చన, చప్పుడొద్దు అన్నారు కాబట్టి మోటారు లేనిది ఇచ్చాను."

"గుర్తుంది. నేను పెద్దది చూస్తుంటే మీరు చిన్నది ఇచ్చారు. మొదటిసారి కొనేవాళ్ళు కళ్ళతో కొంటారు, ఒంటితో కొనండి అన్నారు. నీళ్ళతో కలిసే జెల్ ఇచ్చారు. ఈ వయసులో ఒళ్ళు ఎండిపోవడం తప్పు కాదు అన్నారు." ఆవిడ గడియారంలో జారుతున్న ఇసుక వైపు చూసింది. "ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. డాక్టరు కూడా."

రెండో నిమిషం నిండకముందే నీలం రంగు పాలిపోయింది. ఒంటి మీద చెమట పట్టినట్టు నూనె చుక్కలు తేలాయి. తర్వాత మెడ విరిగిన కోడిలా ఒక పక్కకి ఒరిగింది. ఇసుక చివరి గింజ రాలేసరికి గోడ గడియారం సరిగ్గా మూడు నిమిషాలు చూపించింది.

"మీ అత్తగారి గడియారం తప్పు కాదు" అంది హిల్కా. "మీరూ తప్పు చెయ్యలేదు. ఇది సిలికాన్ కాదు. మెత్తబరిచే మందు కలిపిన చవక ప్లాస్టిక్."

"ఓహో." ఫ్రావ్ ఊబెన్ పొయ్యి కట్టేసింది. ఇంకొకరి ఇంట్లో కూడా గ్యాసు వృథా పోనివ్వని మనిషి. "మరిగించకుండా వాడి ఉంటే?"

"కొందరికి ఏమీ కాదు. కొందరికి మంట, పుండ్లు. దీంట్లో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. ఎంత కడిగినా లోపల మురికి దాక్కుంటుంది."

"ఇది ఎన్నాళ్ళ నుంచి అమ్ముతున్నారు?"

హిల్కా సొరుగులో లావెండర్ సంచిని తలుచుకుంది. "రెండేళ్ళు."

ఫ్రావ్ ఊబెన్ నెమ్మదిగా చేతి తొడుగులు వేసుకుంది. ఒక్కో వేలూ లాగి సరిచేసుకుంటూ అంది: "నేను ఈ కొట్టుని నమ్మి రాలేదు ఫ్రావ్ హిల్కా. నాకు కొట్ల సంగతేం తెలుసు? ఆ చీటీని నమ్మాను. దాని కింద ఉన్న పేరుని."

ఆవిడ గట్టిగా అనలేదు. గట్టిగా అని ఉంటే బాగుండేది.

అప్పుడే తలుపు గంట మోగింది. ఆ వెనకే థేడా గొంతు. "ఏమే హిల్కా, ఈ గాలికి నా గొడుగు హాలండు వెళ్ళిపోయింది! మీగడ తెచ్చాను. మూడైంది, టీకి నీళ్ళు పెట్టావా? ఇమ్‌కె రేపటికి సంచి సర్దుకుందటా?"

ఇమ్‌కె హిల్కాకి ఒక్కగానొక్క చెల్లెలు. రెండు వీధుల అవతల ఉంటుంది. ఏడాదిన్నరగా ఆమెకి లోపల మంట, విడవని నొప్పి. ముగ్గురు డాక్టర్లు చూశారు, కారణం దొరకలేదు. రేపు పొద్దున్న ఓల్డెన్‌బుర్గ్ ఆస్పత్రిలో మత్తిచ్చి పరీక్ష చేస్తారు. మొదట్లో హిల్కాయే "వయసే, అందరికీ వచ్చేదే" అని నర్సు గొంతుతో కొట్టిపారేసింది. థేడా మాత్రం రోజూ తప్పకుండా అడిగేది, ఇమ్‌కెకి ఎలా ఉందని.

థేడా వెనకగది తెర తీసింది. పొయ్యి మీద గిన్నె చూసింది. బల్ల మీద రెండో గిన్నె చూసింది. మీగడ సీసా పట్టుకున్న చెయ్యి కొంచెం కిందికి దిగింది.

"నేను వెళ్తాను" అంది ఫ్రావ్ ఊబెన్.

"కూర్చోండి" అంది హిల్కా. "మీ ముందే మాట్లాడాలి. ఇది మీ విషయం కూడా."

థేడా టీ పెట్టింది. ఆ ప్రాంతంలో ఏ గొడవైనా టీ తర్వాతే. మూడు పల్చటి కప్పుల్లో కలకండ ముక్కలు వేసి, వేడి టీ పోసింది. ముక్కలు చిటపటమని పగిలాయి. మీగడని కప్పు అంచు వెంట చెంచాతో జారవిడిచింది. అది అడుగుకి వెళ్ళి మబ్బులా పైకి లేచింది. కలపకూడదు. మొదట మీగడ, తర్వాత చేదు, చివర తీపి. మనిషికి మూడు కప్పులు, అది అక్కడ చట్టం కన్నా పెద్దది. చాలనిపించినప్పుడు చెంచాని కప్పులో పెట్టాలి. మూడు కాకముందే పెడితే ఆ ఇంటితో పని లేదని చెప్పినట్టు.

"ఇవాళ్టి టీకి పొగ వాసన కొంచెం ఎక్కువగా ఉందే" అంది థేడా, హిల్కా వైపు చూడకుండా. రెండేళ్ళుగా అదొక అలవాటు. హిల్కాకి తెలియని వాసనని థేడా మాటల్లో చెప్తుంది. తడిసిన గడ్డి అనీ, తేనె అనీ, పాత పుస్తకం అనీ. రోజుకి ఒకటి. హిల్కా వాటికోసం ఎదురుచూసేది.

"అది నిజమేనా?" అంది హిల్కా.

"ఏది?"

"పొగ వాసన. నిజంగా ఉందా, లేక అది కూడా నువ్వు కల్పించి చెప్పేదేనా?"

థేడా మొహం చెంపదెబ్బ తిన్నట్టు అయింది. "టీ గురించి నీకెప్పుడూ అబద్ధం చెప్పలేదు."

"టీ గురించి."

ఫ్రావ్ ఊబెన్ కప్పులోకి చూస్తూ కూర్చుంది.

"బ్రేమెన్ ముసలావిడ పోయింది హిల్కా" అంది థేడా. "నువ్వు జ్వరంలో ఉన్నప్పుడు. మనకి పదిహేడేళ్ళు తన చేత్తో సిలికాన్ అచ్చుల్లో పోసి పంపిన మనిషి. కొడుకు అచ్చులన్నీ పారేశాడు. వేరేవాళ్ళని వెతికాను. దొరికినవాళ్ళు ఇది పంపారు. పెట్టె మీద సిలికాన్ అని ఉంది."

"నువ్వు వాసన చూడలేదూ?"

థేడా మీగడ సీసాకి మూత పెట్టింది.

"చూశావు. చూశావు కాబట్టే లావెండర్ కుట్టావు."

"నీకు చెబితే ఏం చేసేదానివి? తలుపు మూసేసేదానివి. అవునా కాదా? నీ నీతి నాకు తెలియదా? అప్పుడు నువ్వెలా ఉన్నావో నీకు గుర్తులేదు. రోజంతా ఆ కిటికీ దగ్గర కూర్చునేదానివి. రొట్టె నోట్లో పెట్టుకుని, మట్టి తింటున్నట్టుంది అని ఏడ్చేదానివి. వచ్చినవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం నువ్వు మళ్ళీ మనిషివయ్యేదానివి. ఆ ఒక్కటీ కూడా తీసేస్తే నువ్వు మిగిలేదానివి కాదే! మంచిది దొరికేదాకా కొన్నాళ్ళు అనుకున్నాను. కొన్నాళ్ళు..."

"నా కోసమే చేశానంటావు."

"ఇంకెవరికోసం?"

"నాకు ముక్కు పోయింది థేడా. కళ్ళు పోయినవాడి కర్రలా నిన్ను పట్టుకున్నాను. కర్రే గోతిలోకి నడిపిస్తే ఎవరితో చెప్పుకోవాలి?" హిల్కా గొంతు పెరగలేదు. "నువ్వు కాదు, నేను చెప్పాను వాళ్ళకి. ఈ నోటితో. భయపడకండి, ఇది మంచిదే, నేనున్నాను అని. సిగ్గుతో చచ్చిపోతూ ఆ కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ. నా చేతిరాతని నువ్వు ఆ ప్లాస్టిక్ పక్కన పెట్టి కట్టావు."

థేడా కళ్ళు తుడుచుకుంది. కూజా అందుకుంది. "ఇంకో కప్పు పోస్తాను. తాగు. తర్వాత తిట్టు."

హిల్కా తన చెంచా తీసింది. కప్పులో నిలువుగా పెట్టింది.

కూజా గాలిలోనే ఆగింది. పంతొమ్మిదేళ్ళలో ఆ బల్ల మీద మొదటి కప్పుకే చెంచా పడటం అదే మొదటిసారి. ఫ్రావ్ ఊబెన్ కూడా ఆ చెంచా వైపే చూసింది. ఆ ఊరి మనిషి కదా, అర్థం తెలుసు.

"వాళ్ళందరికీ చెప్పాలి" అంది హిల్కా. "రెండేళ్ళలో ఆ సొరుగులోంచి కొన్న ప్రతి ఒక్కరికీ. వాడకండి, పారేయండి, మంట ఉంటే డాక్టరుకి కారణం ఇదీ అని చెప్పండి అని."

"ఎలా చెప్తావు?" థేడా కూజా దించింది. "మనం పేరు అడగం, రాయం. అది నువ్వు పెట్టిన నియమమే."

నిజమే. మొదటిరోజే పెట్టిన నియమం. ఈ గుమ్మంలోకి వచ్చిన మనిషికి పేరుండదు, వెళ్ళిన మనిషి గుర్తుండదు. వీధిలో ఎదురైనా ముందు వాళ్ళు పలకరిస్తే తప్ప హిల్కా తల తిప్పేది కాదు. ఆ నియమం వల్లే చర్చి ఆర్గన్ వాయించే మనిషి కూడా లోపలికి రాగలిగింది. ఇప్పుడు అదే నియమం గోడలా నిలబడింది. ఎవరిని కాపాడాలో వాళ్ళ పేరే తెలియదు.

"కిటికీకి కాగితం అంటిస్తాను. నా పేరుతో" అంది హిల్కా.

"ఎవరు చదువుతారు? మొదటిసారి రావడానికే నాలుగుసార్లు నడిచినవాళ్ళు, ఆ కిటికీ ముందు ఆగి కాగితం చదువుతారా?" అంది ఫ్రావ్ ఊబెన్ మెల్లగా. "నేనైతే ఆగను."



అప్పుడు థేడా లేచింది. గోడ బీరువాలో పాత గుండీల డబ్బాలున్నాయి. వాటి వెనక చెయ్యి పెట్టి, నల్ల అట్ట పుస్తకం ఒకటి తీసింది. మూలలు అరిగిపోయి ఉన్నాయి. బల్ల మీద, చెంచా ఉన్న కప్పు పక్కన పెట్టింది.

"ఏమిటిది?"

"పేర్లు" అంది థేడా. "మొదటినుంచీ."

హిల్కాకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక కుర్చీ అంచు పట్టుకుంది.

"చిన్న ఊరు హిల్కా. సగంమంది నాతో చదువుకున్నవాళ్ళు. ఎవరు ఏం తీసుకున్నారో గుర్తుంచుకుంటే మళ్ళీ వచ్చినప్పుడు సరైనది తెప్పించవచ్చని రాసేదాన్ని. ఎవరికీ చూపించలేదు. నీకు కూడా."

ఫ్రావ్ ఊబెన్ లేచి నిలబడింది. "నా పేరు ఉందా అందులో?"

థేడా తల దించుకుంది.

"ఎవరూ రాసుకోరు అన్నారు మీరు." ఆ మాట థేడాతో కాదు, హిల్కాతో అంది. "ఆ కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు."

కంచే చేను మేసిందని విన్నాం. ఈ కంచె మేసింది చాలక, మేసిన ప్రతి మొక్కకీ లెక్క రాసి పెట్టింది. హిల్కా ఆ పుస్తకాన్ని తాకడానికి భయపడింది. తెరిస్తే, తెలుసుకోనని మాటిచ్చినవన్నీ తెలుస్తాయి. తెరవకపోతే, ఆ ఆడవాళ్ళు ఇవాళ రాత్రి కూడా ఆ ప్లాస్టిక్‌ని నమ్ముతారు. పొయ్యిలో వెయ్యాలన్నా, గుండెకి హత్తుకోవాలన్నా అదొక్కటే పుస్తకం.

"మీరు ఏమంటే అది చేస్తాను" అంది ఫ్రావ్ ఊబెన్‌తో. "ఇది మీ పేరున్న పుస్తకం. నాకు తెరిచే హక్కు లేదు."

ఆవిడ ఒకసారి తలుపు వైపు చూసింది. వెళ్ళిపోతే ఎవరూ తప్పుపట్టరు. తర్వాత బల్ల మీద ఉన్న ఇసుక గడియారం తీసి జేబులో వేసుకుని, మళ్ళీ కూర్చుంది.

"నా పేరు వచ్చినప్పుడు పైకి చదవకండి. మిగతావి చూడండి."

చిన్న మాట. హిల్కా ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ మాట గుర్తుంచుకుంది.

పుస్తకం తెరిచింది. రెండేళ్ళ కిందటి వసంతం ఎక్కడుందో వెతకనక్కర్లేదు. ఆ పేజీలో ఎండు లావెండర్ కాడ ఒకటి ఇరుక్కుని ఉంది. నీలం సరుకు కింద మొదటి పేరు చూసి ఆగింది. థేడా రాత, థేడా పేరే. పక్కన సన్నటి అక్షరాల్లో: 'నేనే వాడి చూశాను. మంట. పదకొండు రోజులు.'

"నీ మీదే వాడి చూశావా?" హిల్కా తలెత్తింది. ఒక్క క్షణం జాలి కలిగింది. మరుక్షణం ఆ జాలి ఎటు పోయిందో తెలియదు. "అంటే నీకు తెలుసు. అనుమానం కాదు. తెలుసు."

"తగ్గిపోయిందే... పదకొండు రోజులకి తగ్గిపోయింది. అందరికీ తగ్గిపోతుందనుకున్నాను."

హిల్కా వేలు కింది వరసకి దిగింది. పన్నెండో రోజు తేదీ. మొదటి అమ్మకం. ఆ రోజు తను కొట్టులో లేదు, ముక్కు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళింది. అది తెలిసినవాళ్ళెవరో, తను లేని రోజు చూసుకుని, తన ముందు కూర్చోడానికి సిగ్గుపడి, థేడా దగ్గర కొనుక్కుని వెళ్ళారు.

పేరు చదివింది. మళ్ళీ చదివింది. పక్కనున్న వీధి పేరు కూడా.

ఇమ్‌కె.

హిల్కా పుస్తకంలోంచి కళ్ళు తిప్పకుండానే అంది: "ఏడాదిన్నర నుంచి నువ్వు రోజూ అడిగావు, ఇమ్‌కెకి ఎలా ఉందని."

"హిల్కా..."

"నేను వయసు అన్నాను. డాక్టర్లు తెలియదన్నారు. ఈ ఊళ్ళో కారణం తెలిసిన మనిషి ఒక్కర్తే ఉంది. ఆ మనిషి రోజూ నా బల్ల దగ్గర కూర్చుని, మూడు కప్పులు తాగి, ఎలా ఉందని అడిగింది."

ఫ్రావ్ ఊబెన్ తన తువ్వాలు తీసి, ఎవరికివ్వాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, చివరికి హిల్కా చేతి పక్కన పెట్టింది.

హిల్కా లేచి గోడ దగ్గరున్న ఫోను అందుకుంది. రేపు పొద్దున్న మత్తు ఇవ్వకముందే డాక్టరుకి ఈ సంగతి తెలియాలి. తెలియాలంటే ఇమ్‌కె చెప్పాలి. ఇమ్‌కె చెప్పాలంటే, సొంత అక్కకి తెలియకూడదని అంత జాగ్రత్తపడిన ఆ ఒక్క విషయాన్నీ అక్కే నోరు తెరిచి అడగాలి. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళని వందలమందిని కూర్చోబెట్టి సిగ్గు పోగొట్టిన మనిషికి, ఇప్పుడు ఒక్క వాక్యం కుదరడం లేదు.

అవతల రెండుసార్లు మోగింది. మూడోసారి మోగకముందే ఎత్తారు.

"మొయిన్, అక్కా" అంది ఇమ్‌కె. "నేనే చేద్దామనుకుంటున్నాను. రేపటికి ముందు నీకొకటి చెప్పాలి. థేడా పక్కనుందా?"